ఆరు వారాల బేరం

కరీంనగర్ డాక్టరు ‘ఆరు వారాలు మందులు వాడాలి’ అన్నప్పుడు నేను మనసులో మూడు అనుకున్నాను. పైకి మాత్రం ‘సరే సార్’ అన్నాను. కావాలని చేసింది కాదు. ఎవరు ఏ అంకె చెప్పినా అందులో సగం కోసేయడం చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు.

నేను పుట్టింది లక్సెట్టిపేట బజార్లో. మాది స్టీలు, ఇత్తడి సామాన్ల దుకాణం. ఒక పక్క కిరాణా, ఇంకో పక్క బట్టలు, ఎదురుగా ఎరువులు. మాకు ఆటస్థలం అంటే ఆ దుకాణాల ముందరి అరుగులే. బాపు చెప్పే ధర చెప్పేటప్పుడు ఒక గొంతు, ఇచ్చే ధర చెప్పేటప్పుడు ఇంకో గొంతు. మొదటిది గట్టిగా, నిర్లక్ష్యంగా ఉండేది. రెండోది కొంచెం జీరగా, ఏదో నష్టపోతున్నట్టు ఉండేది. పదేళ్లు వచ్చేసరికే ఆ రెండింటి తేడా కళ్లు మూసుకుని చెప్పగలిగేవాణ్ని. పెళ్లయ్యాక మెట్‌పల్లికి మారి అదే వ్యాపారం పెట్టుకున్నాను. ఊరు మారింది కానీ చెవులు మారలేదు.

కాబట్టి డాక్టరు గొంతులో కూడా ఆ తేడా వెతికాను. దొరకలేదు. దొరకకపోయేసరికి నమ్మలేదు సరికదా, ‘గట్టి వ్యాపారే’ అనుకున్నాను.

ఆ డాక్టరు దాకా ఎందుకు పోవలసి వచ్చిందో చెప్పాలి.

అంతకు ముందు నాలుగైదేళ్ల నుంచి నాకు ‘ఉడుకు’ చేస్తుండేది. మా వైపు మూత్రంలో మంటకు మొదటి పేరు అదే. ఎండాకాలం మంట మొదలైతే ఎవరికీ అనుమానం రాదు. సబ్జా గింజలు నానబెట్టి తాగు, బార్లీ కాచుకో, మజ్జిగ ఎక్కువ పోసుకో అంటారు. అవన్నీ చేశాను. వానాకాలంలో కూడా మంట వచ్చినప్పుడు, పొద్దంతా గల్లా దగ్గర కూర్చుంటే రాదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చలికాలం కూడా వచ్చింది. అప్పుడు కారణం కోసం చాలా కష్టపడి, పచ్చి మిరపకాయ తొక్కు మీద పెట్టాను. మా ఇంట్లో ఆ తొక్కు పాపం ఆరు నెలలు చేయలేదు.

మా గల్లీ చివర ఒక ఆర్‌ఎంపీ ఉన్నాడు. మంచివాడు. నేను ఆయనకు సేటును, ఆయన నాకు డాక్టర్ సాబ్. మంట ముదిరినప్పుడల్లా ఐదు రోజులకు గోలీలు రాసేవాడు.

‘ఐదు రోజులా సాబ్? మూడింటికి చూడు.’

‘సేటూ, ఇది బిందె కాదు.’

‘నాలుగు?’

ఆయన నవ్వేవాడు. నేను ఐదు రోజుల గోలీలు కొనుక్కుని మూడు రోజులు మింగేవాణ్ని. మూడో రోజుకు మంట ఆగేది. ఆగిన తర్వాత మింగితే దండగ కదా. ఇల్లు ఊడ్చిన తర్వాత ఇంకా చీపురు ఆడిస్తామా? మిగిలిన గోలీలను ఒక చిన్న స్టీలు డబ్బాలో పోసి బీరువా మీద పెట్టేవాణ్ని. మళ్లీ వస్తే పనికొస్తాయి. అదీ నా తెలివి. మళ్లీ ఎందుకు వస్తోందన్న ప్రశ్న మాత్రం ఆ తెలివికి తట్టలేదు. రెండు నెలలకో, మూడు నెలలకో వచ్చేది. డబ్బాలోంచి తీసి రెండు రోజులు మింగేవాణ్ని. తగ్గేది. ఆర్‌ఎంపీ దగ్గరికి పోయే పని కూడా తప్పిందని సంతోషపడేవాణ్ని.

ఇంట్లో వేరే కథ నడుస్తోంది. సామాను కోసం నేను నాగపూర్ పోయివస్తుంటాను. మంట ఒకటి రెండు సార్లు ఆ ప్రయాణం తర్వాత వచ్చింది. మా ఆవిడ ఏమీ అనలేదు. బార్లీ నీళ్ల గ్లాసు ముందు పెట్టేటప్పుడు ఇదివరకటి కంటే కొంచెం గట్టిగా పెట్టడం మొదలుపెట్టింది. గ్లాసు చప్పుడును బట్టి మనిషిని అర్థం చేసుకోవడం మా వ్యాపారం. అర్థమైంది. కానీ అడగని ప్రశ్నకు జవాబు చెబితే ఇంకా అనుమానం పెరుగుతుందని ఊరుకున్నాను. ఊరుకున్నందుకు కూడా పెరిగింది.

ఒక రోజు దుకాణంలో కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే వణకడం మొదలైంది. చలిజ్వరం. నడుము కింద, కాళ్ల మధ్య, లోపలెక్కడో మేకు దిగినట్టు నొప్పి. పోవాలనిపిస్తుంది, పోతే చుక్కలు చుక్కలుగా తప్ప రాదు. ఆర్‌ఎంపీ వచ్చి సూది వేసి, ఈసారి నవ్వకుండా చెప్పాడు.

‘సేటూ, గిది నా చేతిల లేదు. కరీంనగర్ పో. పేశాబ్ డాక్టర్‌కు చూపియ్యి.’

‘రెండు రోజులు చూద్దమా?’

‘రెండు రోజులు గాదు, రెండు గంటలు గూడ వద్దు.’

కరీంనగర్‌లో ఆ మూత్రవ్యాధుల డాక్టరు నాకంటే పదేళ్లు చిన్న. జ్వరం తగ్గేదాకా ఆసుపత్రిలో ఉంచుకున్నాడు. తగ్గాక కూర్చోబెట్టి అన్నీ అడిగాడు. ఎన్నేళ్ల నుంచి, ఎన్నిసార్లు, ఏం వాడారు. నేను మూడొంతులు నిజం చెప్పాను. డబ్బా సంగతి చెప్పలేదు. తర్వాత రెండు ప్లాస్టిక్ కప్పులు ఇచ్చి, ఒకదాంట్లో ఇప్పుడు, ఇంకోదాంట్లో పరీక్ష తర్వాత మూత్రం పట్టాలన్నాడు. ఆ రెండు కప్పుల మధ్య జరిగిన పరీక్ష గురించి ఎక్కువ రాయను. వేలికి తొడుగు వేసుకుని, పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకోమన్నాడు. నలభై ఏళ్లుగా గిన్నెల అడుగులు వేలితో తట్టి, నొక్కి చూసినవాణ్ని నేను. నన్ను అలా చూసేవాడు ఒకడు వస్తాడని ఎప్పుడూ అనుకోలేదు.

‘గడ్డ వాచింది,’ అన్నాడు చేతులు కడుక్కుంటూ.

మా వైపు గడ్డ అంటే ఒకటే, క్యాన్సర్.

‘గడ్డనా సార్?’

‘భయపడకండి. అది అందరు మగవాళ్లకు ఉండేదే. ప్రొస్టేట్ అంటరు. మూత్రసంచి కింద, రేగుపండంత ఉంటది. పుట్టుకతోనే ఉంటది.’

‘పుట్టినకాడికెల్లి ఉంటే ఇన్నేండ్లు ఎవ్వరు చెప్పలేదేంది సార్?’

ఆయన నా మొహం చూసి నవ్వాపుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. యాభై ఏడేళ్లు నాకు తెలియకుండా నాలో ఒక సామాను ఉందంటే, చెప్పనివాడి మీద అనుమానం రాదా?

నాలుగు రోజులకు రిపోర్టులు వచ్చాయి. పేగుల్లో ఉండే మామూలు క్రిమే దారి తప్పి ఆ గ్రంథిలో స్థిరపడిందన్నాడు. ప్రతిసారీ కొత్తగా రావడం లేదట. ఉన్నదే అణిగి, మళ్లీ లేస్తోందట. ఆ గ్రంథి లోపలికి మందు తొందరగా దిగదు కాబట్టి ఆరు వారాలు ఆగకుండా మింగాలట. ఈ మాట వినడానికే మా ఆవిడ ఆ రోజు వెంట వచ్చింది. పేగుల్లోది అన్నాక ఆమె నా వైపు తిరిగి, చాలా రోజుల తర్వాత మామూలుగా చూసింది. పూర్తిగా కాదు. నాగపూర్‌కు ఇంకా కొంచెం మిగుల్చుకుంది.

ఆమెను బయట కూర్చోమని, డాక్టరు రెండో కాగితం తీశాడు. పీఎస్‌ఏ అనే రక్త పరీక్ష. నాలుగు లోపల ఉండాలట. నాకు పదకొండు దాటింది.

‘గా పదకొండు ఏందిది సార్?’

‘గడ్డకు చీము పట్టినా పెరుగుతది. క్యాన్సర్ ఉన్నా పెరుగుతది.’

‘రెండిట్ల ఏది?’

‘ఇప్పుడు చెప్పలేను. ముందు ఇన్ఫెక్షన్ పూర్తిగా పోవాలి. ఆరు వారాలు మందు, తర్వాత కొన్ని వారాలు ఆగి మళ్లీ రక్తం చూద్దాం. అంకె దిగితే ఒక తీరు, దిగకుంటే ఇంకో తీరు.’

సామాను కొనేటప్పుడు ‘తర్వాత చెబుతా’ అనేవాణ్ని నేనెప్పుడూ నమ్మలేదు.

‘ఇంకొకటి,’ అన్నాడు. ‘మీ నాన్నగారికి గానీ, అన్నదమ్ములకు గానీ ఈ క్యాన్సర్ ఉండెనా?’

‘లేదు సార్.’

ఎంత తొందరగా అన్నానంటే నాకే ఆశ్చర్యం వేసింది. పాత బిందె మారకానికి తెచ్చేవాడు సొట్ట ఉన్న వైపును తన పొట్టకు ఆనించి పట్టుకుంటాడు. నేనూ అదే చేశాను. బాపు చివరి సంవత్సరం లక్సెట్టిపేట ఇంట్లో మూత్రం పైపుతో, నడుం నొప్పితో మంచం మీదే ఉన్నాడు. తొడ ఎముక కూడా నొప్పి అనేవాడు. మంచిర్యాలలో చూపిస్తే ఏదో పెద్ద పేరు చెప్పారని అన్న అన్నాడు కానీ ఆ పేరు ఇంట్లో ఎవరూ మళ్లీ పలకలేదు. వయసు మీద పడ్డదని అందరం అనుకున్నాం. అనుకుందామని ఒప్పుకున్నాం అంటే సరిగ్గా ఉంటుంది. ఆ మాట చెబితే డాక్టరు తన అంకెలన్నీ పెంచేస్తాడని నా భయం.

మెట్‌పల్లి వచ్చాక పక్క బట్టల దుకాణం ఆయనకు చెప్పాను. చెప్పకుండా ఉండలేని మనిషిని నేను, విని ఊరుకోలేని మనిషి ఆయన.

‘అన్నా, గాళ్లందరు ఒక్కటే. డాక్టరు ల్యాబుకు పంపుతడు, ల్యాబోడు అంకె పెంచుతడు, మళ్ల డాక్టరు ఇంకో టెస్టు రాస్తడు.’

‘గట్లనే అనిపిస్తుంది నాకు గూడ.’

‘అనిపిచ్చుడేంది? జగిత్యాల పోయి వేరే ల్యాబుల ఇయ్యి. నీ పేరు గూడ పూర్తిగ చెప్పకు.’

పోయాను. పేరు సగమే చెప్పాను. అంకె పది దాటి వచ్చింది. రెండు ల్యాబులకూ పెద్ద తేడా లేదు. ఇంకొకడైతే రెండూ కలిశాయి కాబట్టి నిజమే అనుకునేవాడు. నేను వీళ్లు వీళ్లు కలిసిపోయారు అనుకున్నాను.

గోలీలు మాత్రం మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి మంట పోయింది. రెండు వారాలకు లోపలి మేకు కూడా పోయింది. మూడో వారంలో ఒక్కసారి కూడా లేవకుండా తెల్లవారేదాకా పడుకున్నాను. పందొమ్మిదో రోజు చేతిలో గోలీ పట్టుకుని ఆలోచించాను. ఆయన ఆరు అన్నాడు, నేను మూడు అనుకున్నాను, బేరం దాదాపు నా ధరకే కుదిరింది. మిగిలినవాటిని డబ్బాలో పోశాను. మూత పెట్టేటప్పుడు తృప్తిగా కూడా ఉంది.

గడువు దాటాక మళ్లీ రక్తం ఇచ్చాను. అంకె తొమ్మిదిన్నర. ఆ రోజు ఒక్కణ్నే వెళ్లాను. డాక్టరు కాగితాన్ని చాలాసేపు చూశాడు.

‘గోలీలు అన్నీ మింగిండ్రు కదా? ఆరు వారాలు?’

‘మింగిన సార్.’

‘ఒక్కటి కూడా తప్పలేదు?’

‘లేదు సార్.’

కొనేవాడికి నిజం ఖరీదు చెప్పనట్టే, అమ్మేవాడికి నా నిజం చెప్పకపోవడం నాకు అబద్ధంలా అనిపించదు. నోరు దానంతట అదే పలుకుతుంది. డాక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

‘అయితే మనం ముందుకు పోవలసిందే. క్రిమి ఇంకా ఉందో లేదో తెలియడానికి మూత్రం ఇంకొకసారి కల్చర్‌కు పంపుదాం. ఎమ్మారై తీద్దాం. అనుమానం ఉంటే సూదితో చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపాలి.’

ఆయన గొంతు మారింది. నెమ్మదిగా, జాగ్రత్తగా మాట్లాడుతున్నాడు. చిన్నప్పటి నుంచీ నేను వెతికే ఆ రెండో గొంతు అదేనేమో అనిపించింది. ఇక్కడే అసలు సామాను అమ్ముతున్నాడు అనుకున్నాను. అనుకున్నాను కానీ బస్సులో కూర్చున్నాక నా అనుమానం నన్ను కాపాడలేదు. ఆయన నన్ను మోసం చేస్తున్నాడనుకుంటే కోపం వచ్చేది, చెయ్యడం లేదనుకుంటే భయం వేసేది. మోసమే అయి ఉండాలని జీవితంలో మొదటిసారి కోరుకున్నాను.

దుకాణంలో ఫోను తీసి వెతకడం మొదలుపెట్టాను. ఒకచోట ఏళ్ల తరబడి వాచిన గ్రంథిలో క్యాన్సర్ పుట్టవచ్చని ఉంది. ఇంకోచోట సంబంధం రుజువు కాలేదని ఉంది. మూడోచోట ఏదో వేరు పొడి అమ్ముతున్నారు. ఆ మూడోదాన్ని మాత్రం వెంటనే గుర్తుపట్టాను, మనోడే. ఒకామె ప్రెషర్ కుక్కర్ ధర అడిగింది. చెప్పాను. ఆమె సగం అడిగింది. ‘తీస్కపో అక్కా’ అన్నాను. ఆమె కుక్కర్‌ను అటూ ఇటూ తిప్పి, ఏదో లోపం ఉందనుకుని కొనకుండానే వెళ్లిపోయింది.

ఈ సంగతి పక్క దుకాణం ఆయన ద్వారా మా ఆవిడకు చేరింది. సగానికి ఇస్తానన్నానంటే నాకు ఏదో అయిందని ఆమెకు అర్థమైంది. ఇంట్లో అడిగితే ఎమ్మారై అన్నాను, ముక్క తీస్తారన్నాను. ఆమె ఏడవలేదు.

‘ఆరు వారాలు గోలీలు మింగినా తగ్గలేదన్నట్టు?’

‘అన్నట్టే.’

ఆమె నా మొహం వైపు చూసింది, నేను బీరువా వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించాను. అంత ప్రయత్నం చేస్తే ఎవరైనా అటే చూస్తారు.

తర్వాతి సారి కరీంనగర్‌కు తానూ వస్తానంది. వద్దన్నాను. వచ్చింది. దారిపొడుగునా సంచిని ఒళ్లోంచి దించలేదు. డాక్టరు గదిలోకి వెళ్లాక, ఆయన ఎమ్మారై చీటీ రాస్తుండగా, సంచిలోంచి స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టి మూత తెరిచింది.

‘డాక్టర్ సాబ్, ఈయన గోలీలు మింగలే.’

డబ్బాలో నా ఐదేళ్లు ఉన్నాయి. ఆర్‌ఎంపీ రాసిన పసుపువి, తెల్లవి, అన్నిటి మీదా డాక్టరు రాసినవి. డాక్టరు కలం మూత పెట్టాడు.

‘ఎన్ని రోజులు మింగిండ్రు?’

‘ఇరవై,’ అన్నాను.

‘ఎన్ని?’

‘పందొమ్మిది సార్.’

ఇక్కడ కూడా ఒకటి కలిపి చెప్పాను. మా ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది.

‘నేను నలభై రెండు రోజులు చెప్పిన. పందొమ్మిదికి ఎందుకు ఆపిండ్రు? కడుపుల మండిందా? వాంతులా?’

‘లేదు సార్. మీరు ఆరు వారాలంటే… మూడైతే సరిపోతదేమో అనుకున్న.’

‘ఎట్ల అనుకున్నరు?’

మా ఆవిడ చెప్పింది.

‘సగానికి అడిగిండు సాబ్. ఈయన దేవునికాడ గూడ సగానికే మొక్కుతడు.’

డాక్టరు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

‘చూడండి. మీరు మందంతా మింగిండ్రనే నేను లెక్క వేస్తున్న. ఇన్ఫెక్షన్ పోయినా అంకె దిగలేదంటే నాకు క్యాన్సర్ మీద అనుమానం పెరుగుతది. మీరు చెప్పిన మాట మీదనే నేను సూది దాకా పోయిన. ఆ క్రిములు ఇంకా లోపల ఉండంగ సూది పెడితే రక్తంలకు పోయి ప్రాణం మీదికి వస్తది. అందుకే ముందు కల్చర్ అడిగిన. నన్ను మోసం చేస్తే నాకేం పోదు.’

ఇన్ని రోజులూ నేను ఆయన అంకెల్ని అనుమానించాను. ఆయన మాత్రం నా అంకెను నమ్మి లెక్క వేస్తూ వచ్చాడు. అబద్ధపు తూకం రాయి నా వైపే ఉంది. ఇంకా ఒక సొట్ట నా పొట్టకు ఆనించే ఉందని గుర్తొచ్చింది.

‘సార్, మా బాపుకు ఉండెనేమో.’

మా ఆవిడ చప్పున తిరిగి చూసింది. పైపు, నడుము, తొడ ఎముక, మంచిర్యాలలో చెప్పిన పేరు, అన్నీ చెప్పాను. డాక్టరు అడ్డం రాకుండా విని, ‘ఎన్నో ఏట?’ అని మాత్రం అడిగాడు. అరవై ఆరు అన్నాను. రాసుకున్నాడు. ఆ ఇంట్లో ఎవరూ పలకని మాటను ఒక కొత్త మనిషి కాగితం మీద మూడు పదాల్లో రాసేశాడు.

నేను ఎక్కువ భయపడే ప్రశ్న అప్పుడు అడిగాను.

‘సార్, ఐదేండ్లు నిర్లక్ష్యం చేసిన. గా చీమే క్యాన్సర్ అయితదా?’

‘తెల్వదు,’ అన్నాడు.

‘ఫోన్ల అయితదని ఉన్నది.’

‘కాదని కూడా ఉంటది. చూసిండ్రా?’

‘చూసిన.’

‘ఏళ్లకేళ్లు వాపు ఉంటే మంచిది కాదని అనుకునేటోళ్లు ఉన్నరు. ఇంకో సంగతి కూడా ఉన్నది. ప్రొస్టేట్‌ల బాధ ఉన్నోళ్లు డాక్టర్ల దగ్గరికి ఎక్కువ వస్తరు, పరీక్షలు ఎక్కువ చేయించుకుంటరు. వెతికినకాడ దొరుకుతది. వెతకనోళ్లకు ఉన్నా తెల్వదు. అందుకని సంబంధం ఉన్నట్టు కనబడుతదా, నిజంగ ఉన్నదా, గట్టిగ చెప్పలేం. మీ నాన్నగారి సంగతి మాత్రం గట్టిది.’

ఇది నాకు అర్థమైంది. తూకం అధికారి ఏ దుకాణానికి ఎక్కువసార్లు వస్తే ఆ దుకాణంలోనే తప్పులు ఎక్కువ రాస్తాడు. పక్క దుకాణం సత్యహరిశ్చంద్రుడిదని కాదు. ఆ రోజు డాక్టరు చెప్పినవాటిలో నేను పూర్తిగా నమ్మింది ‘తెల్వదు’ అన్న మాట ఒక్కటే. అమ్మేవాడెవడూ ఆ మాట అనడు.

కల్చర్‌లో అదే క్రిమి మళ్లీ కనబడింది. ఆరు వారాలు మొదటి నుంచి మొదలు. ఈసారి గోలీలు మా ఆవిడ చేతిలో ఉన్నాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, నోరు తెరిచి చూపించాలి. డబ్బాలోని పాతవన్నీ ఆర్‌ఎంపీకి అప్పగించి పారేయమంది. ఇరవయ్యో రోజు నుంచి మొదలైంది నా యుద్ధం. ఒంట్లో ఏ బాధా లేదు. బాధ లేని మనిషి గోలీ మింగడం, బాకీ లేని ఇంటికి పోయి వాయిదా కట్టినట్టు ఉండేది.

‘ఏందే, మంచిగున్న గదా.’

‘నోరు తెరువు.’

‘ఒక్క రోజు విడుస్తే ఏమైతది?’

‘మొన్న ఇడిచినవు గదా, ఏమైంది?’

నాలుగో వారం మడమ వెనుక నరం పట్టినట్టు నొప్పి వచ్చింది. దీంతోనైనా ఆపుతారని లోలోపల సంబరపడ్డాను. డాక్టరుకు ఫోను చేస్తే అది గోలీ వల్ల కావచ్చని దాన్ని ఆపి ఇంకో గోలీ రాశాడు కానీ రోజులు తగ్గించలేదు. నలభై రెండో రోజు చివరి గోలీ మింగి గ్లాసు కింద పెట్టాను. ఒకరు చెప్పిన అంకెను చెప్పినట్టే చెల్లించడం నాకు అదే మొదలు. మా ఆవిడ ఆ రోజు కూడా నోరు తెరిపించింది.

కొన్ని వారాలు ఆగి రక్తం ఇచ్చాను. నాలుగు పాయింట్ ఆరు. కాగితం చూడగానే గుండె ఎగిరింది. ఎగిరిన వెంటనే ల్యాబువాడు తప్పు చేసి ఉంటాడా అని అనుమానం వచ్చింది. పదకొండు వచ్చినప్పుడు పెంచాడనుకున్నాను, ఇప్పుడు తగ్గించాడనుకుంటున్నాను. పాపం ఆ ల్యాబువాడికి నా దగ్గర ఏ అంకె చెప్పినా గతి లేదు.

‘చాలా వరకు ఇన్ఫెక్షన్‌దే,’ అన్నాడు డాక్టరు. ‘అయినా మీ నాన్నగారి సంగతి ఉన్నది కాబట్టి ఎమ్మారై వదిలిపెట్టను.’

బాపు సంగతి చెప్పకపోతే ఇక్కడితో అయిపోయేది. ఆ ఆలోచన నాకు వచ్చింది, వచ్చిందని ఒప్పుకుంటున్నాను.

ఎమ్మారై గొట్టంలో పడుకోబెట్టారు. చప్పుడుకు మా ఇత్తడి సామాన్ల బజారు అంతా ఒకేసారి కొట్టుకుంటున్నట్టుంది. కదలవద్దన్నారు. కదలకుండా పడుకుని, లోపల ఏమి కనబడుతోందో గొట్టం అవతలివాడికి తెలుసు, నాకు తెలియదు అనుకుంటూ ఉన్నాను. వాడి మొహం చూస్తే ఏమైనా తెలుస్తుందేమోనని బయటికి వస్తూనే చూశాను. వాడు టిఫిన్ డబ్బా విప్పుకుంటున్నాడు. మంచి సూచనో చెడ్డ సూచనో తేల్చుకోలేకపోయాను.

రిపోర్టు తీసుకుని ఇద్దరం డాక్టరు ముందు కూర్చున్నాం.

‘దీంట్లో అనుమానానికి మార్కు వేస్తరు,’ అన్నాడు. ‘ఒకటి నుంచి ఐదు దాకా. ఒకటంటే దాదాపు లేనట్టే. ఐదంటే చాలా గట్టి అనుమానం.’

అనుమానాన్ని ఇలా ఒకటి రెండు అని కొలిచేవాళ్లు ఉన్నారని నాకు తెలియదు. తెలిస్తే ఆ పనిలో చేరేవాణ్ని.

‘నాకెంత సార్?’

‘రెండు.’

మా ఆవిడ ఊపిరి వదలడం నాకు వినబడింది.

‘రెండంటే తక్కువ. పాత వాపు తాలూకు మచ్చలున్నయి. సూది ఇప్పుడు అవసరం లేదు.’

‘సార్, రెండు ఎందుకు? ఒకటి రాయరాదా?’

‘అది నా చేతిల లేదు. బొమ్మల ఉన్నదే రాసిండ్రు.’

‘గంతగనం తేడా ఏముంటది సార్, ఒకటికి రెండుకు…’

‘ఊకో జర,’ అంది మా ఆవిడ. ‘రెండే వచ్చింది, సంతోషపడు. నన్ను ఏయమంటే నీకు నాలుగు ఏద్దును.’

‘ఎందుకే?’

‘నాగపూర్ నేను మరువలే.’

డాక్టరు ఈసారి గట్టిగా నవ్వాడు. నవ్వు ఆగాక ఆరు నెలలకు మళ్లీ రక్తం చూడాలని, మంట ఏమాత్రం వచ్చినా సొంతంగా ఏదీ మింగకుండా రావాలని, మా అన్నను కూడా చూపించుకోమని చెప్పాడు. అన్నకు ఆ రోజే ఫోను చేశాను. బాపు గురించి మేమిద్దరం మాట్లాడుకోవడం చాలా ఏళ్లకు అదే. అన్న మొదట ‘ఎవరు చెప్పిన్రు, నీకేమన్న కమీషనా?’ అన్నాడు. మా రక్తమే కదా. ఆఖరుకు ‘ఏ ల్యాబు?’ అన్నాడు.

ఆ రెండు నాలోనే ఉండిపోయింది. తక్కువ అన్నారు, లేదు అనలేదు. దుకాణంలో గిన్నె తట్టి చూసేటప్పుడు, కొనేవాళ్ల మొహాలు చదివేటప్పుడు, ఉన్నట్టుండి గుర్తొచ్చేది. మంట వచ్చిందా అని నాలోకి నేనే చెవి పెట్టి వినేవాణ్ని. ఆరో నెల దగ్గర పడుతుంటే రోజులు సాగదీసినట్టు నడిచాయి. చివరికి ఒక ఉదయం దుకాణం తెరవకుండానే మొదటి బస్సెక్కి కరీంనగర్‌లో దిగాను. ల్యాబు షట్టరు ఇంకా సగమే లేచి ఉంది. మెట్లు కడుగుతున్న ఆమె నన్ను చూసి చీపురు ఆపింది.

‘ఇంత పొద్దుగాల వచ్చినవేందన్నా? ఇయ్యాల్నేనా నీ తారీఖు?’

‘కాదమ్మా,’ అన్నాను. ‘వచ్చే వారం.’